మూడు వారాల సెలవులో క్యాప్ పడదు, అమ్మలూ

అమ్మలూ,

డిసెంబరులో వచ్చినప్పుడు ఆ ఎడమ దవడ పన్నుకి ఇంప్లాంట్ వేయించుకుని, క్యాప్‌తో సహా పని ముగించుకుని డల్లాస్ వెళ్లిపోతానన్నావు. మూడు వారాల్లో స్క్రూ పడుతుంది గానీ క్యాప్ పడదు. టికెట్లు కొనేముందే ఈ మాట తెలిస్తే నయమని రాస్తున్నాను.

పోయిన పన్ను స్థానంలో పెట్టే ఇంప్లాంట్‌లో ఎముకలోకి దిగేది టైటానియం స్క్రూ. దాని మీద బిగించే మెడలాంటి ముక్క అబట్‌మెంట్. పైకి కనిపించే పన్నే క్యాప్. నీకు పోయింది కింది దవడలో పెద్ద పన్ను కాబట్టి 4.5 నుంచి 5 మి.మీ. లావు, 10 మి.మీ. అటూ ఇటూ పొడవున్న స్క్రూ పడుతుంది. ఎంత పొడవన్నది డాక్టరు ఇష్టం కాదు, కింద ఎముకలో నడిచే నరం చెబుతుంది. ఆ నరానికి కనీసం 2 మి.మీ. పైనే స్క్రూ ఆగాలి. నరానికి తగిలితే పెదవీ గడ్డమూ తిమ్మిరెక్కి నెలల తరబడి, ఒక్కోసారి శాశ్వతంగా అలాగే ఉండిపోతాయి. మామూలు ఎక్స్-రేలో ఎముక ఎత్తు తెలుస్తుంది కానీ వెడల్పు తెలియదు. అందుకే ఎముకను అన్ని వైపుల నుంచీ చూపించే సిబిసిటి స్కాన్ తీయకుండా డ్రిల్ పట్టుకునే డాక్టరు దగ్గర కూర్చోకు. పన్ను తీశాక అక్కడి ఎముక గట్టు వెడల్పు ఏడాదిలో దాదాపు సగం కరిగిపోవచ్చు, అందులోనూ ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. నువ్వు సెప్టెంబరులో తీయించుకున్నావు కాబట్టి ఇంకా ఆలస్యం చెయ్యకపోవడమే మంచిది. వెడల్పు చాలకపోతే ఎముక పొడి వేసి పెంచాల్సి వస్తుంది, అప్పుడు గడువూ ఖర్చూ రెండూ పెరుగుతాయి.

స్క్రూ వేసే రోజు గురించి భయం వద్దు. పన్ను పీకించుకున్న దానికంటే నొప్పి తక్కువే. మత్తు ఇచ్చి, ముందు 2 మి.మీ. డ్రిల్, ఆ తర్వాత మెల్లగా లావువి వాడతారు. సెలైన్ నీళ్లు ఆగకుండా పడుతూనే ఉండాలి, ఎందుకంటే 47 డిగ్రీల వేడి ఒక్క నిమిషం తగిలినా ఎముక చచ్చిపోతుంది. అరిగిన డ్రిల్‌తో గట్టిగా నొక్కితే జరిగేది అదే. ఆ రోజు బాగానే బిగిసినట్టుండే స్క్రూ నెలకల్లా ఊగడం మొదలుపెడుతుంది.

ఇక నువ్వు అడిగిన "అదే వారంలో క్యాప్" సంగతి. టైటానియాన్ని ఎముక పట్టేసుకుంటుందని 1952లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే డాక్టరు కుందేలు ఎముకల మీద పని చేస్తూ గమనించాడు. 1965లో గోథెన్‌బర్గ్‌లో మొదటి రోగికి వేశాడు. కింది దవడకి మూడు నెలలు, పై దవడకి ఆరు నెలలు కదపకుండా వదిలెయ్యాలన్నది అప్పటి లెక్క. ఇప్పటి స్క్రూల ఉపరితలం గరుకుగా చేస్తున్నారు కాబట్టి కింది దవడకి రెండు మూడు నెలలు చాలు. అంతకంటే తగ్గించమంటే మామూలుగా ఎముక వినదు. వేసిన రోజు స్క్రూని పట్టుకునేది మర బిగువు ఒక్కటే. రెండు నుంచి నాలుగు వారాల మధ్య ఆ పాత ఎముక కొంత కరుగుతుంది, కొత్తది ఇంకా గట్టిపడదు. అంటే నువ్వు విమానం ఎక్కే రోజులకే అది అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది. నొప్పి మాత్రం ఉండదు, అదే చిక్కు. ఆ సమయంలో స్క్రూ వెంట్రుక మందం మించి కదులుతూ ఉంటే చుట్టూ ఎముక బదులు మెత్తటి కండ పెరుగుతుంది. ఇక అది ఎప్పటికీ అతుక్కోదు. మూడు రోజుల్లో పళ్లంటూ వచ్చే ప్రకటనలు చాలావరకు దవడ మొత్తానికి అయిదారు స్క్రూలు వేసి, అన్నిటినీ కలిపి బిగించే పద్ధతివి. అక్కడ ఒకటి కదలకుండా మరొకటి ఆపుతుంది. నమలడంలో బరువంతా మోసే ఒంటరి దవడ పన్నుకి ఆ సౌకర్యం లేదు.

కాబట్టి వచ్చిన మొదటి వారంలోనే స్క్రూ, పైన హీలింగ్ క్యాప్ (పన్ను క్యాప్ కాదు, చిగురు మానేదాకా ఉంచే చిన్న బిరడా) వేయించుకో. 7 నుంచి 10 రోజుల్లో కుట్లు తీస్తారు. రెండు వారాలు మెత్తటి అన్నం, పెరుగు, ఉడికిన కూరలే తిను. అత్తయ్య జంతికలు డబ్బా నిండా ఇస్తుంది, కుడివైపు నమిలినా ముక్కలు ఎడమకి వచ్చి కుట్ల మీద గుచ్చుకుంటాయి, మూత తీయకు. క్లోర్‌హెక్సిడిన్ 0.2 శాతం మందు 10 మి.లీ. పోసుకుని రోజుకి రెండుసార్లు నిమిషం పాటు పుక్కిలించు, పేస్టుతో తోముకున్న అరగంట తర్వాత. రెండు వారాలు దాటి వాడితే పళ్లకి గోధుమరంగు పడుతుంది.

క్యాప్ వేసవిలో ఇక్కడైనా వేయించుకోవచ్చు, అక్కడైనా. అక్కడైతే ఒక్కటి మరిచిపోకు. ప్రతి స్క్రూ డబ్బా మీద కంపెనీ పేరు, లావు, పొడవు, లాట్ నంబరు ఉన్న స్టిక్కరు ఉంటుంది. దాన్ని అడిగి తీసుకుని ఫోనులో ఫోటో తీసుకో. ఒక కంపెనీ తాళానికి ఇంకో కంపెనీ చెవి పట్టనట్టే, ఒకరి స్క్రూలో మరొకరి అబట్‌మెంట్ మామూలుగా కూర్చోదు. స్టిక్కరు లేకపోతే అక్కడి డాక్టరు ఎక్స్-రే చూసి ఊహించాలి, చాలామంది అసలు ముట్టుకోరు. స్ట్రామన్, నోబెల్ బయోకేర్ లాంటి కంపెనీలవైతే ధర ఎక్కువే గానీ విడిభాగాలు అక్కడా దొరుకుతాయి. నీ విషయంలో ఆ డబ్బు వృథా కాదు.

క్యాప్ సిమెంటుతో అతికించేది కాకుండా స్క్రూతో బిగించేది అడుగు. సిమెంటు చిగురు కిందకి జారి మిగిలిపోతే అక్కడ చీము పట్టి ఎముక తినేస్తుంది. స్క్రూ రకమైతే పైనున్న రంధ్రం తెరిచి ఎప్పుడైనా విప్పొచ్చు. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్‌తో కంపెనీ చెప్పినంత, మామూలుగా 30 నుంచి 35 న్యూటన్ సెంటీమీటర్లు, బిగించి పది నిమిషాలాగి మళ్లీ బిగించాలి. అలా చెయ్యకపోతే కొన్నాళ్లకి వదులవుతుంది. క్యాప్ కొంచెం ఊగినట్టనిపిస్తే దాంతో నమలకుండా అదే వారం చూపించుకో. లోపల చిన్న స్క్రూ విరిగితే తీయడం పెద్ద పని.

అన్నంలో రాయి తగిలితే పన్ను చటుక్కున ఆగుతుంది కదా, దాని వేరు చుట్టూ ఉన్న పొర చేసే పని అది. ఇంప్లాంట్‌కి ఆ పొర లేదు, ఎంత గట్టిగా కొరికినా దానికి తెలియదు. అందుకే కాటు పక్క పళ్లకంటే రవ్వంత తేలిగ్గా పెట్టించుకోవాలి. నిద్రలో పళ్లు కొరికే నీ అలవాటు ఇంకా ఉంటే రాత్రి పళ్లకి తొడుక్కునే నైట్ గార్డు తప్పదు.

సెప్టెంబరులో పన్ను తీశాక తీసిన ఎక్స్-రే ఉంటే వాట్సాప్‌లో పంపు. వేరు ముక్క ఏమైనా లోపల ఉండిపోయిందేమో ముందు చూడాలి.

అమ్మ