ఆదివారం రఫ్ కట్ చూద్దాం, అందరూ రండి

అందరికీ నమస్తే. ఆదివారం పొద్దున 10 గంటలకు నల్లగొండలో మా ఇంటి మేడ మీద మన షార్ట్ ఫిల్మ్ రఫ్ కట్ (ఇంకా ఫైనల్ కాని మొదటి ఎడిట్) చూస్తున్నాం. సినిమా చిన్నదే కానీ తర్వాత మాట్లాడుకునేది చాలా ఉంది, ఒంటిగంట దాకా వేరే పని పెట్టుకోకండి.

ఏది ఎందుకు అలా తీశామో ఎవరికి వాళ్లు చెప్పాలి, స్క్రీనింగ్ రోజు సార్లు అడిగేది అదే. ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు దెబ్బతినే జబ్బు) మీద సినిమా అంటే వంకర తిరిగిన కాళ్లు చూపించడం మామూలైపోయింది. మనం మన సినిమాలోని తాత కాళ్లు ఒక్క షాట్‌లో కూడా పెట్టలేదు. చెంబు ఎత్తడానికి రెండు చేతులు వాడటం, ఎవరైనా పిలిస్తే మెడ తిరగక ఒళ్లంతా తిప్పడం, అంతే. నాకైతే అదే కరెక్ట్, కానీ చూసేవాళ్లకు అర్థమవుతుందా అని కొందరికి డౌట్ ఉంది, అక్కడే తేల్చుకుందాం. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని తెర మీద వేసే కార్డు మొదట్లో ఉంచాలా, అసలు తీసేయాలా, అదీ పెండింగే.

సౌండ్ వాళ్లు బోరింగు కొట్టే చప్పుడు ఒరిజినల్ ఫైల్ తెండి. మ్యూజిక్ కింద అది వినిపించట్లేదు, నా ఓటు మ్యూజిక్ తీసేయడానికే.

కెమెరా వాళ్లూ, వంటింటి సీన్‌లో ట్యూబ్‌లైట్ మిణుకుతోంది, షటర్ స్పీడ్ 1/50 సెకనులో పెట్టి తీసిన టేక్ ఉంటే వెతకండి.

హార్డ్ డిస్క్, చార్జర్ మర్చిపోవద్దు!

ఇంకోటి, టైటిల్స్‌లో తాత పేరు వేయాలంటే ముందు ఆయన్ని అడగాలి. శనివారం లోపు మర్రిగూడ వైపు ఎవరు వెళ్తున్నారో ఇక్కడే చెప్పండి.