మూడు నెలల దాకా మీకు గన్ ఇప్పించను

అందరికీ నమస్తే. హన్మకొండలో మన పది మీటర్ల ఎయిర్ గన్ షూటింగ్ రేంజ్‌కి వస్తున్నవాళ్ళకీ, రావాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ళకీ ఈ నాలుగు ముక్కలు. ఫీజు పెరుగుతోంది, దాని సంగతి కింద రాశాను. అంతకంటే ముందు చెప్పాల్సింది వేరే ఉంది. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి, కొత్తగా చేరినవాళ్ళకి మొదటి మూడు నెలలు నేను సొంత గన్ ఇప్పించను. డబ్బులు తెచ్చి టేబుల్ మీద పెట్టినా సరే. "వచ్చే కమీషన్ కూడా వద్దంటడు, ఇదేం యాపారం" అని మా ఇంట్లోనే నవ్వుతున్నారు.

కమీషన్ అన్నాను కాబట్టి అదీ చెప్పేస్తా. నేను డీలర్‌ని కాను. మీకు గన్ కావాలంటే హైదరాబాద్‌లో లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర ఇప్పిస్తాను, దానికి వాళ్ళు నాకు ఎంతో కొంత ఇస్తారు. మీలో చాలామందికి ఇది తెలియదు. తెలియకుండా ఉంచింది నేనే. ఇకనుంచి ఏ గన్ మీద నాకెంత వస్తుందో బిల్లుతో పాటు కాగితం మీద రాసిస్తాను.

ఈ నిర్ణయానికి కారణం పోయినేడు నేను చేసిన ఒక తప్పు. 2024లో పారిస్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు తెచ్చాక మన ఆరు లేన్లకీ, అంటే నిలబడి కొట్టే వరసలకీ, ఊపిరాడలేదు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ కూడా ఆ ఒలింపిక్స్‌లో ఆడింది కదా, పిల్లల్ని తీసుకొచ్చి "పిస్టల్ ఎంతవుతుంది?" అని అడిగేవాళ్ళు మొదలయ్యారు. నమస్తే కంటే ముందు అదే ప్రశ్న. ఆ వేడిలో, చేరి పట్టుమని పది రోజులు కాని ఒక సార్‌కి సెకండ్ హ్యాండ్ విదేశీ మ్యాచ్ రైఫిల్, అంటే పోటీల్లో వాడే ఎయిర్ రైఫిల్ ఒకటి ఇప్పించాను. లక్షా నలభై వేలు. చూడ్డానికి కొత్తదానిలా ఉంది, గీత కూడా లేదు. గాలి సిలిండర్ మీద తారీకు చెక్కి ఉంటుంది, అది మాత్రం నేను చూడలేదు. ఆ సిలిండర్లకి తయారీదారులు పెట్టే ఆయుష్షు పదేళ్ళు. దీనికి మిగిలింది ఎనిమిది నెలలు. అవి దాటాక పోటీకి వెళ్తే ఎక్విప్‌మెంట్ కంట్రోల్ టేబుల్, అంటే గన్లు తనిఖీ చేసే చోట, తారీకు చూసి పక్కన పెట్టేశారు. ఆయన ఫోన్ చేసి తిట్టలేదు, "చూసుకోవాల్సింది కదా" అని మాత్రం అన్నాడు. తిట్టినా బాగుండేది. కమీషన్ వెనక్కిచ్చేశాను, కొత్త సిలిండర్‌లో సగం ఖర్చు పెట్టుకున్నాను. అంతా అయ్యాక తేలిందేమిటంటే, ఆయన చేయి రైఫిల్‌కంటే పిస్టల్‌కే బాగా కుదురుతుంది. మూడు నెలలు ఆగి ఉంటే ఆ రైఫిల్ కొనేవాడే కాదు.

ఈ మూడు నెలలు మీ చేతిలో క్లబ్బు గన్లే ఉంటాయి. అద్దె నెల ఫీజులోనే. మొదటి వారం గుండు ముట్టనివ్వను, దానికి చాలామంది మొహం మాడ్చుకుంటారు. ముందు మీ పెద్ద కన్ను, అంటే గురి చూసేటప్పుడు పెత్తనం చేసే కన్ను, ఏదో చూస్తాం. రెండు చేతులూ చాచి, అరచేతుల మధ్య చిన్న సందు పెట్టి, అందులోంచి గోడ గడియారం చూడండి. ఒక కన్ను మూయండి. గడియారం పక్కకి జరిగిపోతే, మీరు మూసిన కన్నే మీ పెద్ద కన్ను. కుడిచేతి వాటం వాళ్ళలో ఎడమ కన్ను పెద్దదైనవాళ్ళు తక్కువేం కాదు. ఇది తెలియకుండా కుడిచేతి గ్రిప్పు పిస్టల్ కొనుక్కుని ఏడాది కుస్తీ పట్టినవాళ్ళు మన దగ్గరే ఇద్దరున్నారు.

తర్వాత నిలబడటం, ఊపిరి, ట్రిగ్గర్. ఊపిరి సగం వదిలి ఆపాలి, ఆరేడు సెకన్లలో షాటు పోవాలి. పోకపోతే గన్ దించేయాలి. ఈ దించడం నేర్పడానికే నాకు నెల పడుతుంది. ఎత్తిన గన్ పేల్చకుండా దించడం మనవాళ్ళకి నామోషీ! బ్యారెల్ మీద రూపాయి బిళ్ళ పెట్టి ఖాళీ గన్‌తో ట్రిగ్గర్ నొక్కిస్తాను. బిళ్ళ పడకుండా వరసగా ఇరవై సార్లు నొక్కినవాళ్ళకి అప్పుడు గుండ్ల డబ్బా. మ్యాచ్ గన్లలో ఈ డ్రై ఫైర్‌కి విడిగా ఏర్పాటు ఉంటుంది. ఇంట్లో స్ప్రింగ్ గన్‌తో మాత్రం చేయకండి. ముందర గుండు లేకపోతే పిస్టన్ వెళ్ళి సిలిండర్ చివరకి దబ్బున కొట్టుకుంటుంది, సీలూ స్ప్రింగూ రెండూ పోతాయి.

రైఫిలా పిస్టలా అన్నది మీ ఒళ్ళే చెప్తుంది. రైఫిల్ టార్గెట్ కార్డులో పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు, గసగసాల గింజకంటే చిన్నది. పిస్టల్ కార్డులో అదే పది 11.5 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. అయితే పిస్టల్ సులువని అనుకోకండి. దాన్ని ఒక్క చేత్తో ఎత్తాలి, రెండో చెయ్యి జేబులో. అరవై షాట్లకి ఆ భుజం ఏమవుతుందో మర్నాడు పొద్దున దువ్వెన ఎత్తేటప్పుడు తెలుస్తుంది. నలభై దాటి చత్వారం వచ్చినవాళ్ళకి ఇంకో చిక్కు. పిస్టల్‌లో చూపు ముందు సైట్ మీద, అంటే బ్యారెల్ చివర గురి చూసే ముక్క మీద నిలవాలి, కార్డు మీది నల్ల గుండ్రం మసకగా కనపడినా ఫర్వాలేదు. చాలామంది దూరం అద్దాలు పెట్టుకొచ్చి కార్డు చక్కగా కనిపిస్తోందని సంబరపడి ఆరులూ ఏడులూ కొడుతుంటారు. కళ్ళ డాక్టర్‌కి మీ ముందు సైట్ దూరం కొలిచి చెప్పి అద్దం చేయించుకోండి. గన్ మార్చడం కంటే చాలా చవక.

ఇక కొనే సంగతి. లైసెన్సు గురించి రోజుకి నలుగురు అడుగుతారు. బోరు (బ్యారెల్ లోపలి వెడల్పు) 0.177 అంగుళం, అంటే 4.5 మిల్లీమీటర్లు మించకుండా, శక్తి 20 జౌల్స్ దాటకుండా ఉంటే ఎయిర్ గన్‌కి లైసెన్సు అక్కర్లేదు. రెండిట్లో ఏది మించినా ఆర్మ్స్ రూల్స్ 2016 ప్రకారం లైసెన్సు కావాలి. మన లేన్లలోని మ్యాచ్ రైఫిల్ అర గ్రాము చిల్లర గుండుని సెకనుకి 170 మీటర్ల చొప్పున పంపిస్తుంది, లెక్క కడితే ఎనిమిది జౌల్స్ కూడా రాదు. పది మీటర్ల ఆటకి అంతకంటే బలం అనవసరం. అయినా "పవర్ ఎక్కువున్నది ఇప్పించు అన్నా" అంటారు. ఎవరో ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాడని .22 బోరు తెచ్చుకుని నాకు చూపించిన తమ్ముళ్ళున్నారు. దాన్ని మన గేటు లోపలికి రానివ్వను, ఇది గట్టిగా చెప్తున్నా.

పొలం మీద కోతులు పడుతున్నాయని వచ్చే రైతులకీ గన్ ఇప్పించడం లేదు. వాళ్ళ బాధ నాకు తెలుసు, మా చిన్నాన్న మొక్కజొన్న వేయడమే మానేశాడు. కానీ గుండు దిగిన కోతి చావదు, పుండుతో తిరుగుతుంది. కొంగలూ గువ్వలూ కొట్టడానికి అడిగేవాళ్ళకైతే జాలి కూడా లేదు. 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద అది కేసు.

తుపాకులు సేకరించే సరదా ఉన్నవాళ్ళకి వేరుగా చెప్పాలి. నిజం తుపాకులు పోగేయడం మన దేశంలో మామూలు మనిషికి అయ్యే పని కాదు. 2019 చట్ట సవరణతో ఒక లైసెన్సుదారుకి మూడు ఉండే చోట రెండే అన్నారు. నాకూ ఆ సరదా ఉంది, కానీ నా సేకరణంతా లైసెన్సు అక్కర్లేని పాత ఎయిర్ గన్లే. ఆఫీసు గదిలో గోడకి ఏడున్నాయి. ఏడూ కలిపి నలభై వేలు కాలేదు.

వాటిలో నాకు బాగా ఇష్టమైంది అన్నిటికంటే అందవికారంగా ఉంటుంది. అయినవోలు మల్లన్న జాతరలో బుగ్గలు (బెలూన్లు) కొట్టించే ఆయన దగ్గర 1,800కి కొన్నాను. బ్యారెల్ మడిచి స్ప్రింగు ఎక్కించే రకం. కంపెనీ ముద్ర ఎప్పుడో అరిగిపోయింది. కట్టె మీద చెంప ఆనించే చోట, ఎన్ని వేల మంది ఆనించారో, నున్నగా నల్లబడి గిన్నెలా గుంట పడింది. ఇంటికి తెచ్చి పేలిస్తే టప్పుమంది, గుండు అట్టపెట్టెలో కూడా దిగలేదు. విప్పి చూస్తే పిస్టన్ చివర తోలు వాషర్ అప్పడంలా ఎండిపోయి ఉంది. పాత సైకిల్ పంపులో ఉండేలాంటిదే. రాత్రంతా నూనెలో నానబెట్టి బిగించాను. అత్యాశకి పోయి లోపల ఇంకో నాలుగు చుక్కలు వేశాను. మొదటి షాటుకి పటాకు పేలినట్టు శబ్దం, బ్యారెల్ లోంచి పొగ! పక్కింటాయన గోడ మీదుగా తొంగి చూశాడు. గాలి ఒక్కసారిగా నొక్కుకుని వేడెక్కి నూనె అంటుకుంటుంది, డీజిల్ ఇంజిన్‌లో జరిగేది అదే. మీరు మాత్రం రెండు చుక్కల దగ్గర ఆపండి.

ఇలాంటిది కొనేటప్పుడు మెరుపు చూడకండి. బ్యారెల్ మూసి అటూ ఇటూ ఊపండి, మడత దగ్గర కదిలితే వదిలేయండి. కట్టె మెడ దగ్గర, స్క్రూల చుట్టూ సన్న పగుళ్ళుంటాయి, గోరు పెట్టి గీరితే తగులుతాయి. 4.5 గుండు బోరులో బిగువుగా కూర్చోవాలి, జారి లోపలికి పోతే అది పెద్ద బోరు, దాని జోలికి వెళ్ళకండి. మడిచిన బ్యారెల్‌ని ఎడమ చేత్తో వదలకుండా పట్టుకునే గుండు పెట్టండి. స్ప్రింగు తప్పిందంటే ఎగిరొచ్చి వేళ్ళ మీదే పడుతుంది.

తాతల నాటి తుపాకుల సంగతి మాత్రం వేరు. మొన్న ఒకాయన గోనెసంచిలో చుట్టి భర్మార్ తుపాకీ, అంటే మూతి నుంచి మందు కూరి పేల్చే పాత రకం, తెచ్చాడు. అటక మీద దొరికిందట, "నీ గోడకి బాగుంటది, ఉంచుకో అన్నా" అన్నాడు. నాకు చెమటలు పట్టాయి. తుప్పు పట్టినా, మందు లేకున్నా అది తుపాకీయే. ముట్టుకోలేదు కూడా. తెలిసిన వకీలుతో మాట్లాడించి, ఆయనతోనే పోలీస్ స్టేషన్‌కి పంపించాను. మీ ఇళ్ళలో అలాంటివి ఉంటే నా దగ్గరికి తేకండి. ఫోటో కూడా పంపకండి.

ఇంకో తప్పు ఒప్పుకోవాలి. మొన్నటి వేసవి దాకా లేన్లని మేం చీపురుతో ఊడ్చేవాళ్ళం. గుండ్లు సీసం. టార్గెట్ వెనక డబ్బాలో కొట్టుకుని నలిగినప్పుడు సన్న పొడి రాలుతుంది, చీపురుతో ఊడిస్తే అది గాల్లోకి లేస్తుంది. ఇప్పుడు తడిగుడ్డతోనే తుడుస్తున్నాం. నలిగిన గుండ్లని మూత ఉన్న డబ్బాలోనే పోస్తున్నాం. లేన్ దగ్గర సమోసాలూ చాయ్ బంద్. బయటికొచ్చి సబ్బుతో చేతులు కడుక్కున్నాకే. గుండు పెదాల మధ్య పట్టుకునే అలవాటున్న ఇద్దరు ముగ్గురు ఎవరో నాకు తెలుసు, వాళ్ళకీ తెలుసు.

మే నెలలో పన్నెండు రోజులు గాలి గన్ల లేన్లు మూసేశాం కదా, అది సిలిండర్లలో గాలి నింపే కంప్రెసర్ చెడిపోయి. గాల్లో తేమ తీసే ఫిల్టరు మార్చాల్సిన టైముకి మార్చలేదు, బద్ధకం నాదే. ఆ పన్నెండు రోజుల ఫీజు అందరికీ ఈ నెలలో తగ్గిస్తున్నాను.

ఫీజు నెలకి 2,500 ఉన్నది 2,900 అవుతుంది. గుండ్ల ధర, కరెంటు, అద్దె మూడూ పెరిగాయి. కాలేజీ పిల్లలకి పాత ఫీజే. సొంత గన్ ఉండి గుండ్లు తెచ్చుకునేవాళ్ళకి 2,000. ప్రాక్టీసుకి ఖరీదైన జర్మన్ గుండ్లే కావాలని పట్టుబట్టకండి. మీ పది షాట్లూ అరచేతి మేర చెల్లాచెదురుగా పడుతున్నంత కాలం ఏ డబ్బా గుండైనా ఒకటే.

ఆరో లేన్ ఈ ఆదివారం నుంచి అందరికీ. ఫీజు కట్టనివాళ్ళు కూడా రావచ్చు, పొద్దున ఏడు నుంచి పదకొండు దాకా. జాతర తుపాకీ అక్కడ పెడతాను, బుగ్గలు కడతాను, పది గుండ్లు ఇరవై రూపాయలు. కళ్ళకి అద్దాలు నేనే ఇస్తాను, అవి పెట్టుకోకపోతే కొట్టనివ్వను. ఆ జాతరాయన వెనక సైట్‌ని ఎడమకి వంచాడు, ఎందుకు వంచాడో మీకు తెలుసు. నేనూ సరిచేయలేదు. ఎంత కుడికి చూసి కొట్టాలో ఐదో గుండుకి మీకే తెలిసిపోతుంది.