నర్సులను అడిగాకే యంత్రాలు కొనండి

సంపాదకుల వారికి,

ఆసుపత్రుల్లోకి ఏఐ, రోబోలు వస్తే మీ ఉద్యోగాలు పోవా అని ఈ మధ్య అందరూ అడుగుతున్నారు. విశాఖలో పంతొమ్మిదేళ్లుగా ఐసీయూ డ్యూటీ చేస్తున్న నాకు ఆ భయం లేదు. మందులు, శాంపిళ్లు మోసే రోబో వస్తే సంతోషమే. రాత్రంతా ల్యాబ్‌కీ స్టోర్‌కీ తిరిగే సమయం పేషెంట్ దగ్గర గడపొచ్చు.

నా టెన్షన్ వేరు. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ నల్లని చర్మం ఉన్నవారిలో ఆక్సిజన్‌ను ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చని 2020లో అమెరికా పరిశోధకులు గుర్తించారు. మా దగ్గరకు వచ్చేది ఎండలో వేటకెళ్లే మత్స్యకారులు, పాడేరు వైపు నుంచి దిగే గిరిజనులు. ఒక రాత్రి మానిటర్‌లో ఆక్సిజన్ 95 శాతం ఉంది. పెద్దాయన పెదాలు మాత్రం నీలంగా మారుతున్నాయి, మాట తడబడుతోంది. వెంటనే డాక్టర్‌ను పిలిచి ఏబీజీ (ధమని రక్తం తీసి ఆక్సిజన్‌ను నేరుగా కొలిచే పరీక్ష) చేయిస్తే ఆక్సిజన్ బాగా తక్కువగా ఉంది. ఆ 95నే నమ్మే ఏఐ సాఫ్ట్‌వేర్ ఆయన గురించి ఏం చెప్పి ఉండేది?

2024 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో నర్సులు ఏఐ విషయమై రోడ్డెక్కారు. పేషెంట్ల భద్రతే వాళ్ల ఆందోళన కూడా.

ఇక్కడ మానిటర్లు కొనేటప్పుడే మమ్మల్ని అడిగినవాళ్లు లేరు. ఏఐ తెచ్చేముందైనా అడగండి, శిక్షణ ఇవ్వండి. యంత్రం చెప్పింది తప్పు అనిపిస్తే పక్కన పెట్టే అధికారాన్ని రాతపూర్వకంగా ఇవ్వండి. లేకపోతే తప్పు సాఫ్ట్‌వేర్‌దైనా మెమో నర్సుకే వస్తుంది. రోబో వచ్చిందని స్టాఫ్‌ను మాత్రం తగ్గించకండి.

— ఒక స్టాఫ్ నర్సు, విశాఖపట్నం