హిట్లర్‌కు మెజారిటీ ఎప్పుడొచ్చింది?

అయ్యా,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో జర్మనీ మీద వచ్చిన వ్యాసానికి సవరణ వేస్తారేమోనని ఇన్నాళ్లూ చూశాను. వేయలేదు. జర్మన్ ప్రజలు భారీ మెజారిటీతో హిట్లర్‌కు పట్టం కట్టారని రాశారు. ఇది పచ్చి తప్పు.

1928 ఎన్నికల్లో నాజీలకు దక్కినవి 12 సీట్లు. మూడు శాతం ఓట్లయినా రాలేదు. అమెరికా అప్పులతో నడుస్తున్న జర్మనీ, అక్కడ స్టాక్ మార్కెట్ కూలగానే చతికిలబడింది. 1930లో నాజీల సీట్లు 107 అయ్యాయి. 1932 జూలైలో 37 శాతం ఓట్లు, 230 సీట్లు. స్వేచ్ఛగా జరిగిన ఎన్నికల్లో వాళ్లు అంతకు మించి ఎదగలేదు. నవంబరుకల్లా 196కు పడిపోయారు. అలా దిగజారుతున్నవాణ్ణి పిలిచి 1933 జనవరి 30న ఛాన్సలర్‌ని, అంటే ప్రధానమంత్రిని చేసింది అధ్యక్షుడు హిండెన్‌బర్గ్. ఆయన్ని దగ్గరుండి ఒప్పించింది మాజీ ఛాన్సలర్ ఫాన్ పాపెన్. మంత్రివర్గంలో హిట్లర్‌తో కలిపి నాజీలు ముగ్గురే కదా, మన చెప్పుచేతల్లో ఉంటాడులే అనుకున్నారు ఆ పెద్దమనుషులు. ఓటేసిన కోటిమందికి పైగా జనం నిర్దోషులని నేననను. కానీ తాళాలు అప్పగించినవాళ్ల ఊసే ఎత్తకుండా నేరమంతా జనం నెత్తిన రుద్దడమేమిటి? 1923లో మ్యూనిక్‌లో తిరుగుబాటు చేసినవాడికి ఐదేళ్ల శిక్ష వేసి, ఏడాదైనా తిరక్కుండా జైలు నుంచి వదిలేసిన వ్యవస్థ మాటేమిటి?

గద్దెనెక్కిన నెలలోపే పార్లమెంటు భవనం తగలబడింది. మర్నాడే అత్యవసర ఉత్తర్వుతో పౌరహక్కులు పోయాయి. ప్రతిపక్షాలను జైళ్లలో కుక్కి మార్చి 5న జరిపిన ఎన్నికల్లోనూ 43.9 శాతమే! మార్చి 23న సర్వాధికారాలు కట్టబెట్టే చట్టానికి 444 మంది ఓటేస్తే, కాదన్నది 94 మంది సోషల్ డెమొక్రాట్లు. కమ్యూనిస్టు సభ్యులను సభలోకే రానివ్వలేదు. సాయుధ దళాలు సభలో కాపలా కాస్తుండగా లేచి నిలబడి వ్యతిరేకించినవాడు ఆ సోషల్ డెమొక్రాట్ల నాయకుడు ఒట్టో వెల్స్. హిట్లర్ ఫొటోకు అర పేజీ ఇచ్చిన మీకు ఆయన పేరుకు ఒక్క వాక్యం దొరకలేదు.

పూర్వం ఇలాంటివి అచ్చుకు వెళ్లేముందు తెలిసినవాళ్లెవరో ఒకరు చూసేవారు. ఇప్పుడు ఆ పద్ధతే పోయినట్టుంది. బడుల్లో చరిత్ర ఎలాగూ పరీక్షకు ముందురోజు బట్టీపట్టే తేదీలుగా మిగిలింది. రేపు పిల్లలు మీ వ్యాసమే కత్తిరించి ప్రాజెక్టు పుస్తకాల్లో అతికించుకుంటారు. దయచేసి సవరణ వేయండి. లోపలి పేజీ అడుగున చిన్న అక్షరాలతో వద్దు, ఆ వ్యాసం వేసిన చోటే వేయండి.

– ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు, తెనాలి