పదిమంది కూడా లేని షాపుల్లో అమ్మాయిలు ఎవరికి చెప్పుకోవాలి?

ఎడిటర్ గారికి నమస్కారం. పనిచేసే చోట వేధింపులు అనగానే ఐటీ కంపెనీలు, యూనివర్సిటీలు, పెద్దాసుపత్రుల గురించే మాట్లాడతారు. బజార్లో చీరల షాపులు, మందుల షాపులు, చిన్న ల్యాబుల్లో నలుగురైదుగురు పనిచేసే చోట ఆడపిల్లల సంగతి ఎవరికీ పట్టట్లేదు, అందుకే ఈ ఉత్తరం.

నేను ఓ బట్టల షాపులో బిల్లింగ్ చూస్తాను. పండగ సీజన్లో ఒక కస్టమర్ కొత్తగా చేరిన అమ్మాయి చెయ్యి పట్టుకుని ఈ బోర్డర్ నీకైతే బాగుంటుంది అంటూ వదల్లేదు, ఆ పిల్ల విదిలించుకుని వెనక్కి జరిగితే చీర మొహాన కొట్టి నానా మాటలన్నాడు, ఓనర్ వచ్చి తిరిగి ఆ పిల్లతోనే సారీ చెప్పించాడు. నేను అడ్డం పడితే "నీ బిల్లులు నువ్వు చూస్కోమ్మా, పార్టీ పోతే జీతాలు ఎక్కణ్నుంచి తెస్తాం" అన్నాడు. వారం తిరక్కుండా ఆ అమ్మాయి పని మానేసింది.

అసలు పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపుల్ని ఆపడానికి వచ్చిన 2013 చట్టం ప్రకారం స్టాఫ్ నుంచే కాదు, షాపుకొచ్చే బయటివాళ్ల నుంచి కూడా కాపాడే బాధ్యత యజమానిదే, అమ్మాయి పోలీసు కేసు పెడతానంటే సాయం చెయ్యాల్సిందీ ఆయనే. పక్కన పనిచేసేవాళ్లకీ అందులో చోటుంది, ఆమె రాసిచ్చి ఒప్పుకుంటే, తను రాలేని పరిస్థితిలో జరిగింది తెలిసినవాళ్లు ఎవరైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఈ సంగతి మా బజార్లో ఒక్కరికైనా తెలుసా అంటే నాకు నమ్మకం లేదు.

10 మంది, అంతకన్నా ఎక్కువ ఉన్న చోట ఇలాంటి ఫిర్యాదులు విచారించడానికి ఓనరే కమిటీ వెయ్యాలి, వెయ్యకపోతే 50 వేల దాకా జరిమానా. అంతకన్నా తక్కువుంటే, లేదా వేధించేది ఓనరే అయితే, జిల్లాలో ఉండే లోకల్ కమిటీకి వెళ్లాలి. ఇళ్లల్లో పనిచేసేవాళ్లకీ అదే దిక్కు. జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి, సరైన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు. మండలానికో వార్డుకో ఒక నోడల్ ఆఫీసరు ఉండి ఫిర్యాదు తీసుకుని 7 రోజుల్లో కమిటీకి పంపాలి, 2024 డిసెంబర్లో సుప్రీంకోర్టు కూడా ఇవన్నీ గడువులోపు వెయ్యమని చెప్పింది. మరి మా వార్డుకి ఆ ఆఫీసరు ఎవరు? రాత్రి తొమ్మిదిన్నరకి షట్టర్ దించి ఆటో కోసం పరిగెత్తే పిల్ల ఏ ఆఫీసు చుట్టూ తిరిగి కనుక్కుంటుంది?

కలెక్టర్ గారు ఆ కమిటీ పేర్లు, ఫోన్ నెంబర్లు బస్టాండ్లో, బజారు సెంటర్లలో అంటించాలి. వర్తక సంఘం వాళ్లు పండగలకి బ్యానర్లు కడతారు కదా, ప్రతి షాపులో కౌంటర్ దగ్గర ఆ నెంబర్ బోర్డు కూడా పెట్టించాలి. మీరు కూడా దయచేసి జిల్లా పేజీలో రోజూ ఒక మూల ఆ నెంబర్ వెయ్యండి, మా షాపుల్లో పేపరు రాగానే ముందు చూసేది ఆ పేజీయే.

- ఒక పాఠకురాలు, విజయవాడ