ఆ చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు ఇక మన షాపులో ఉండదు

ఎప్పటినుంచో మన దగ్గరే కొంటున్నవాళ్లకు ఒక మాట. కౌంటర్ పక్కన కొక్కేలకు వేలాడే 650 రూపాయల యూఎస్‌బీ సౌండ్ కార్డు (కంప్యూటర్ యూఎస్‌బీకి గుచ్చితే హెడ్‌ఫోన్‌కీ మైకుకీ జాక్‌లు ఇచ్చేది) అమ్మడం ఆపేశాం. "స్టాకు ఎప్పుడొస్తుంది?" అని ఫోన్ చేసేవాళ్లకు తలా ఒక ముక్క చెప్పేకన్నా అందరికీ ఒకేసారి రాయడం నయం. స్టాకు రాక ఆపలేదు. వచ్చింది కాబట్టే ఆపాం.

ఆ కార్డులో ఇన్నాళ్లూ ఉన్నది సీ-మీడియా వాళ్ల సీఎం108 రకం చిప్. గొప్పదని ఎప్పుడూ చెప్పలేదు. 16 బిట్, 48 కిలోహెర్ట్జ్, మైకు మోనో. డబ్బా మీద 7.1 ఛానల్ అని ఉంటుంది గానీ హెడ్‌ఫోన్‌కి ఉన్నది ఒక్క ఆకుపచ్చ జాక్, అందులోంచి వచ్చేది రెండు ఛానళ్లే. ఆ సంగతి అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పే అమ్మాం. కానీ డ్రైవర్ గొడవ లేదు. విండోస్ అయినా లైనక్స్ అయినా గుచ్చగానే పట్టుకుంటుంది. మదర్‌బోర్డు ఆడియో జాక్ లూజైనవాళ్లకూ, ల్యాప్‌టాప్‌కి ఒకటే జాక్ ఉండి చేతిలో రెండు పిన్నుల హెడ్‌సెట్ ఉన్నవాళ్లకూ అంతకన్నా చవకైన దారి లేదు.

ఈసారి వచ్చిన కార్టన్‌లోనూ అదే డబ్బా. అదే మోడల్ నంబరు, అదే ఎమ్మార్పీ, కేబుల్ రంగు కూడా అదే. సిస్టమ్‌కి పెడితే మాత్రం సౌండ్ సెట్టింగ్స్‌లో పేరు "యూఏసీ డెమో వీ1.0" అని పడింది. డెమో అని పేరులోనే ఉంది! నమూనాగా వచ్చిన ప్రోగ్రామ్‌ని ఉన్నదున్నట్టు ఎక్కించి, కనీసం పేరైనా మార్చకుండా ప్యాక్ చేసి పంపారు. పైన పటారం, లోన లొటారం.

మీ దగ్గరున్నది ఏదో చూసుకోవాలంటే విండోస్ డివైస్ మేనేజర్‌లో ఆ కార్డు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్ ట్యాబ్, అక్కడ "హార్డ్‌వేర్ ఐడీస్". వీఐడీ (తయారీ కంపెనీ నంబరు) పక్కన 0డీ8సీ అని ఉంటే సీ-మీడియా చిప్, పాత సరుకే. ఇంకేదైనా ఉంటే ఈ కొత్త సరుకు.

పేరు మారితే మాత్రం ఏమైందనుకోవచ్చు. తేడా చెవికి తెలుస్తుంది. ఇయర్‌ఫోన్ పెట్టుకుని వాల్యూమ్ సున్నాకి తెచ్చినా సన్నగా "స్స్‌స్" అని వస్తూనే ఉంటుంది. అది పాట వింటే మరుగున పడుతుంది, క్లాసు వింటే పడదు. రెండోది ఇంకా చిరాకు: కాసేపు శబ్దం లేకపోతే కార్డు తనంతట తాను మ్యూట్‌లోకి వెళ్తుంది, మళ్లీ శబ్దం రాగానే మేలుకోవడానికి అర సెకను తీసుకుంటుంది. అవతలివాళ్లు "నమస్కారం" అంటే మనకి "స్కారం" అని వినిపిస్తుంది. మైకు సంగతి సరేసరి. స్లయిడర్ ఎక్కడ పెట్టినా దాని లెవెల్ దానిదే. కాస్త గట్టిగా మాట్లాడితే గొంతు చీలిపోతుంది.

సప్లయర్‌కి ఫోన్ చేస్తే వచ్చిన జవాబు: "సౌండ్ వస్తోంది కదా భాయ్? ఈ రేటు ఐటమ్‌లో చిప్ ఎవడు చూస్తాడు?"

మేం చూస్తాం. మా కస్టమర్ల కోసమే చూస్తాం అని గొప్పలు పోవడం లేదు, తిరిగొచ్చిన సరుకుతో కౌంటర్ దగ్గర నిలబడేది మేమే గనక చూస్తాం. రేటు పెంచాలంటే పెంచుకోవచ్చు, అడిగితే ఇచ్చేవాళ్లం. చిప్ దొరకట్లేదు, వేరేది వేస్తున్నాం అని ఒక్క మెసేజ్ పెట్టినా సరిపోయేది. ఒక్క ముక్క చెప్పకుండా మార్చి, పైగా "మీరొక్కరే కంప్లయింట్ చేస్తున్నారు" అన్నారు. అంటే మిగతా షాపులకు చెవులు లేవా, లేక కస్టమర్లకు చెవులు లేవని వీళ్ల నమ్మకమా? ఆ మాట ఇంకా మింగుడుపడలేదు. మిగిలిన సరుకు వెనక్కి పంపేశాం. క్రెడిట్ నోట్ ఇస్తామన్నారు, అక్కర్లేదు డబ్బే ఇవ్వండి అన్నాం. ఇంకా రాలేదు. రాకపోయినా ఆ సప్లయర్ మెట్లు మళ్లీ ఎక్కేది లేదు.

ఇక్కడ నిజంగా తలబద్దలు కొట్టుకున్న సంగతి ఒకటుంది. అదే కొత్త సరుకు 350 రూపాయలకు పెట్టి "సాదా రకం" అని చీటీ అంటించి అమ్మవచ్చు కదా అని షాపులోనే రెండు వర్గాలయ్యాయి. తప్పు లేని బేరమే అది. మోసం లేదు, చెప్పే అమ్ముతాం. పైగా ఆ కార్డు కోసం వచ్చినవాళ్లు వెళ్తూ వెళ్తూ మౌసో, హెచ్‌డీఎంఐ కేబులో కొంటారు. ఆ రద్దీ పోతే గల్లాకి తెలుస్తుంది. అయినా వద్దనుకున్నాం. కారణం చీటీ కాదు. ఈ కార్డులోంచి వచ్చే రొద విన్న మనిషి కార్డుని అనుమానించడు. "మదర్‌బోర్డు పోయినట్టుంది", "ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) పాడైంది", "హెడ్‌ఫోన్ మార్చాలేమో" అని మొదలుపెడతాడు. 350 రూపాయల కార్డు పెట్టుకుని 2,000 రూపాయల హెడ్‌సెట్ మార్చినవాళ్లుంటారు. అది మా గల్లాకి లాభమే, అందుకే మరీ వద్దనుకున్నాం. ఇంకో డిస్ట్రిబ్యూటర్ దగ్గర సీ-మీడియా చిప్‌తోనే ఒకటి దొరికింది, బాగానే ఉంది. వచ్చే లాటులోనూ అదే చిప్ ఉంటుందని రాసిస్తారా అంటే నవ్వారు. కాబట్టి అదీ లేదు. దీన్ని పంతం అనేవాళ్లు మా షాపులోనే ఉన్నారు. అననివ్వండి.

మరి సౌండ్ కార్డు కోసం వచ్చేవాళ్లకు ఏం చెబుతున్నాం?

ముందుగా, సగం మందికి అసలు కార్డు అక్కర్లేదు. ఇప్పటి మదర్‌బోర్డుల్లోనే సౌండ్ చిప్ ఉంటుంది; మామూలు వాటికి రియల్‌టెక్ ఏఎల్‌సీ897, ఖరీదైన వాటికి ఏఎల్‌సీ1220 లేదా 4080 వస్తున్నాయి. పాటలు, సినిమాలు, గేములు, మీటింగులకు ఏఎల్‌సీ897 చాలు. రొద వస్తోందంటే చాలాసార్లు చిప్ తప్పు కాదు, క్యాబినెట్ ముందున్న జాక్ తప్పు. ముందు జాక్ నుంచి వచ్చే, చివర "హెచ్‌డీ ఆడియో" అని రాసి ఉండే తీగ మదర్‌బోర్డు మీద 9 పిన్నుల హెడర్‌కి (పిన్నుల వరసకి) వెళ్తుంది. ఆ హెడర్ ఎక్కువ బోర్డుల్లో కింది మూలన ఉంటుంది, తీగ గ్రాఫిక్స్ కార్డు పక్కనుంచి పోతుంది. చవక క్యాబినెట్లలో దానికి షీల్డ్ ఉండదు. మౌస్ కదిపితే "గీ" మని, గేము మొదలవగానే రొద పెరుగుతోందంటే అనుమానమే లేదు. హెడ్‌ఫోన్ తీసి వెనక ఆకుపచ్చ జాక్‌కి పెట్టండి. రొద పోతే మా దగ్గరికి రావద్దు, 60, 70 రూపాయల హెడ్‌ఫోన్ ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొనుక్కోండి, అంతే.

స్పీకర్లలో "హుమ్" అని ఒకే శ్రుతిలో మోగుతుంటే అది వేరే జబ్బు. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ మోత 50లోనో 100లోనో ఉంటుంది. కంప్యూటర్ ఒక ప్లగ్గు, యాంప్లిఫయర్ ఇంకో గోడ ప్లగ్గు, రెంటి ఎర్త్ మధ్య తేడా, ఆ తేడా ఆడియో తీగ గుండా ప్రవహిస్తుంది. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పీకి చూడండి, మోత ఆగితే ఖాయం. అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టండి. అయినా పోకపోతే 3.5 ఎంఎం గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని చిన్న ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా దొరుకుతుంది. ఎర్త్ పిన్ను విరగ్గొట్టి మోత పోగొట్టుకునేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి, క్యాబినెట్ ముట్టుకుంటే షాక్ కొడుతుంది.

ఫోన్ హెడ్‌సెట్ పిన్నుకి మూడు నల్ల గీతలుంటాయి, అంటే నాలుగు భాగాలు. దాన్ని డెస్క్‌టాప్‌కి మైకు కోసం ఉన్న గులాబీ జాక్‌కి పెడితే మైకు పనిచేయదు. దానికి వై-స్ప్లిటర్ కావాలి; ఒక ఆడ జాక్, రెండు మగ పిన్నులు ఉన్నది. రెండు హెడ్‌ఫోన్లు పెట్టే స్ప్లిటర్ కాదు, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. మైకు సౌండ్ తక్కువంటే సౌండ్ సెట్టింగ్స్ రికార్డింగ్ ట్యాబ్‌లో మైకు ప్రాపర్టీస్‌కి వెళ్తే, లెవెల్స్ కింద మైక్రోఫోన్ బూస్ట్ 10, 20, 30 డీబీ మెట్లలో ఉంటుంది. 20 దగ్గర ఆపండి. 30కి వెళ్తే మీ గొంతుతో పాటు సీలింగ్ ఫ్యాన్ కూడా మీటింగ్‌లో చేరుతుంది.

లోపల బిగించే పీసీఐ ఎక్స్‌ప్రెస్ సౌండ్ కార్డుల గురించి ఒక్క మాటే. 2007లో విస్టాతో విండోస్ గేముల శబ్దాన్ని కార్డు మీద కాకుండా సాఫ్ట్‌వేర్‌లోనే కలపడం మొదలుపెట్టింది, గేముల కోసం కార్డు వేయించుకునే కారణం అక్కడే చాలావరకు పోయింది. ఇప్పుడు చిన్న బోర్డుల్లో గ్రాఫిక్స్ కార్డు రెండున్నర స్లాట్లు ఆక్రమిస్తే చిన్న స్లాట్ దాని కిందే పోతుంది. పట్టుబట్టి అడిగితే తెప్పిస్తాం, మా అంతట మేం చెప్పం.

హోమ్ థియేటర్‌కి 5.1 కావాలనేవాళ్లకూ కార్డు అక్కర్లేదు. ఏవీ రిసీవర్ (స్పీకర్లన్నీ కలిపే యాంప్లిఫయర్ పెట్టె) ఉంటే గ్రాఫిక్స్ కార్డు హెచ్‌డీఎంఐ నుంచి దానికి కలపండి, 7.1 వరకు కంప్రెస్ చేయని శబ్దం అందులోనే వెళ్తుంది. ఆప్టికల్ కేబుల్‌లో కంప్రెస్ చేయకుండా రెండు ఛానళ్లే పడతాయి, 5.1 కావాలంటే డాల్బీ డిజిటల్‌గానో డీటీఎస్‌గానో కుదించి పంపాలి.

నిజంగా బయటి పెట్టె, అంటే ఆడియో ఇంటర్‌ఫేస్, కావలసింది మైకుతో పని ఉన్నవాళ్లకు. వాయిస్ ఓవర్ చెప్పేవాళ్లు, పాడేవాళ్లు, అమెరికాలో ఉన్న పిల్లలకు ఇక్కడినుంచి సంగీతం, వీణ నేర్పే గురువులు. మీకు ఆ 650 కార్డు అప్పుడూ వద్దనే చెప్పాం. బీఎం-800 తరహా కండెన్సర్ మైకు సరిగా పనిచేయాలంటే 48 వోల్టులు కావాలి. మదర్‌బోర్డు గులాబీ జాక్ ఇచ్చేది కొద్ది వోల్టులే. అందుకే సౌండ్ సన్నగా వస్తుంది, బూస్ట్ పెంచితే రొద పెరుగుతుంది, మైకు చెత్త అని మూలన పడేస్తారు. ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల మైకు) సాకెట్, 48 వోల్ట్ బటన్ ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్ కొనండి. ఐదారు వేల నుంచి ఉన్నాయి. ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో లాంటిది అయితే ఇంకా పైన. ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైకుకి 48 వోల్టులు అక్కర్లేదు గానీ గెయిన్ (సౌండ్‌ని పెంచే శక్తి) ఎక్కువ కావాలి, అక్కడే చవక పెట్టెలు చేతులెత్తేస్తాయి.

పెట్టెను హబ్‌కి కాకుండా వెనక పోర్టుకి నేరుగా పెట్టండి. మధ్యలో "టప్ టప్" మంటే పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపేయండి. రికార్డింగ్‌లో బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో పట్టుకునే శబ్దం ముక్క) 128 శాంపిళ్లు పెడితే 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఆలస్యం ఒక వైపుకి 2.7 మిల్లీసెకన్లు, 1024 అయితే 21. అంత ఆలస్యంగా తన గొంతు తనకే వినిపిస్తే ఎవరికైనా తాళం తప్పుతుంది. కంప్యూటర్ పాతదై 128 తట్టుకోలేకపోతే పెట్టె మీద డైరెక్ట్ మానిటర్ స్విచ్ వేసుకోండి, గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లకుండానే చెవికి వస్తుంది. ఆ స్విచ్ లేని పెట్టె కొనకండి.

సంగీతం గురువులకు ఇంకొకటి. ఎంత ఖరీదైన పెట్టె పెట్టినా జూమ్‌లో తంబుర వినిపించడం లేదంటే తప్పు పెట్టెది కాదు. ఆగకుండా మోగే శ్రుతిని జూమ్ ఫ్యాన్ చప్పుడనుకుని తీసేస్తుంది. ఆడియో సెట్టింగ్స్‌లో "ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్" ఎంచుకుని, క్లాసు మొదలయ్యాక మీటింగ్ స్క్రీన్ మీద కూడా దాన్ని ఆన్ చేయాలి. ఎకో క్యాన్సిలేషన్ కూడా ఆపేస్తే హెడ్‌ఫోన్ పెట్టుకోవాల్సిందే, లేకపోతే శిష్యుల గొంతు వాళ్లకే తిరిగి వినిపిస్తుంది.

చివరిగా, ఆ కార్టన్ నుంచి మేం గుర్తించేలోపే కొన్ని అమ్ముడైపోయాయి. హార్డ్‌వేర్ ఐడీలో 0డీ8సీ లేని కార్డు మీ దగ్గరుంటే తీసుకురండి. బిల్లు లేకపోయినా పర్వాలేదు, డబ్బా చింపేసినా పర్వాలేదు. 650 రూపాయలు నగదుగానో యూపీఐలోనో వెంటనే ఇస్తాం. సప్లయర్ మాకిచ్చేదాకా ఆగమనం. "బాగానే పనిచేస్తోంది, ఉంచుకుంటాం" అంటే మీ ఇష్టం. పాత చిప్ కార్డులకు వారంటీ ఎప్పటిలాగే ఉంటుంది, పోతే మార్చివ్వడానికి కొన్ని పక్కన పెట్టాం, అవి అమ్మకానికి కావు.

ఇంటర్‌ఫేస్ కొనడానికి వచ్చేవాళ్లు మీ మైకు, మీ హెడ్‌ఫోన్, వీలైతే ల్యాప్‌టాప్ కూడా తెచ్చుకోండి. రెండు మూడు పెట్టెలు తెరిచి ఉంచాం, మధ్యాహ్నం పూట రద్దీ తక్కువ, కూర్చుని రికార్డు చేసుకుని విని తీసుకోవచ్చు.