బుడమేరు గట్లతోపాటు ఇంటి బీమా సంగతీ చూడండి

సంపాదకులకు నమస్కారం.

విజయవాడను ముంచిన బుడమేరు వాగు గండ్లు, గట్ల గురించి పేపర్లలో వార్తలు వస్తూనే ఉన్నాయి. మునిగిన ఇళ్ల బీమా గురించి మాత్రం ఎవరూ మాట్లాడటం లేదు.

మాది సింగ్‌నగర్. ముందు గదిలో బ్లౌజులు కుట్టే షాపు నడుపుతాను. 2024 సెప్టెంబర్‌లో వరద తీశాక తలుపు తోస్తే మిషన్లు బురదలో బోర్లా పడి ఉన్నాయి. ఓవర్‌లాక్ మిషన్ మోటారు విప్పితే లోపల కూడా బురదే. పెళ్లివాళ్లు ఫాల్స్ కుట్టమని ఇచ్చిన పట్టుచీరలు రంగు దిగి ఒకదానికొకటి అంటుకుపోయాయి. గ్రౌండ్ ఫ్లోర్ ఇంటికి ప్రభుత్వం 25 వేలు ఇచ్చింది. ఆ కష్టంలో అది ఆదుకుంది, కాదనను. కానీ మా ఇంట్లో వైరింగ్ పనికే అది చెల్లిపోయింది.

ఇంటి లోను ఇచ్చేటప్పుడు బ్యాంకువాళ్లు ఇన్సూరెన్స్ అని ప్రీమియం కట్టించుకున్నారు. వరద తర్వాత ఆ కాగితాలు పట్టుకెళ్తే, అది మావారికేమన్నా అయితే లోను తీరడానికట, ఇంటికి కాదట. సంతకాలు పెట్టించుకున్న రోజే ఆ ముక్క తెలుగులో చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

'భారత్ గృహ రక్ష' అనే పాలసీ 2021 ఏప్రిల్ నుంచి ఉంది. వరద ముంపు అందులోనే కలిసి ఉంటుంది. స్థలం ధరతో పని లేదు, ఇల్లు మళ్లీ కట్టడానికయ్యే ఖర్చును బట్టి బీమా చేస్తారు. ఆ మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు ఇంట్లో సామానుకూ వర్తిస్తుంది. అద్దెకున్నవాళ్లు సామానుకు మాత్రమే తీసుకోవచ్చు. నాలాంటివాళ్ల షాపు సరుకు దీని కిందకు రాదు, దానికి 'భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష' వేరే ఉంది. బండికి థర్డ్ పార్టీ బీమా, అంటే ఎదుటివాళ్ల నష్టానికిచ్చేది, ఒక్కటే ఉంటే వరద నష్టానికి పైసా రాదు. ఇవన్నీ ఇల్లు మునిగాక తెలుసుకున్నాం.

మళ్లీ రాదులే అనుకోవడానికి లేదు. 2005లోనూ బుడమేరు ముంచింది. వెలగలేరు దగ్గర బుడమేరు నుంచి మళ్లించిన నీళ్లు కృష్ణలో కలవాలి, కృష్ణే పోటు మీదుంటే అవి ఎక్కడికి పోతాయి? 2024లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, బ్యారేజీ కట్టాక అంత ఎప్పుడూ రాలేదు.

అందుకే కార్పొరేషన్‌వారిని కోరేది, 2024లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ప్రతి వీధిలో కరెంటు స్తంభం మీద గీత గీయించండి. ఇల్లు కొనేవాళ్లకు, అద్దెకు దిగేవాళ్లకు అది కనపడాలి. లోను కాగితాల్లో ఉన్నది మనిషికి బీమానో, ఇంటికి బీమానో బ్యాంకులు తెలుగులో ఒక్క పేజీ రాసివ్వాలి. వానలు మొదలయ్యేలోపే వార్డు సచివాలయాల్లో బీమా కంపెనీలవాళ్లను కూర్చోబెట్టి, అడిగినవాళ్లకు ప్రీమియం ఎంతో అక్కడికక్కడే లెక్కగట్టి చెప్పించండి.

– ఒక టైలరింగ్ షాపు యజమాని, అజిత్‌సింగ్ నగర్, విజయవాడ